కాలువ అంచున జమ్ము ఒక్కటే ఎందుకు ముసురుకుంటుంది?

విజయవాడ కాలువల అంచున జమ్ము ఒక్కటే దట్టంగా పెరుగుతుండగా, కొండవీటి రాళ్ల మధ్య పలురకాల చిన్న మొక్కలు కలిసి ఎలా బతుకుతున్నాయన్నది ప్రశ్న.

నీరు, నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉన్న నేలలో మొక్కకు కొరతపడేది వెలుతురు. అందుచేత త్వరగా ఎత్తుకెదిగి, భూమిలో దుంపలతో పాకే జమ్ము వంటిది, పొట్టివాటిని నీడలో ముంచి చోటంతా ఆక్రమిస్తుంది. కొండవీటి రాళ్ల మధ్య ఉన్నటువంటి నిస్సారమైన నేలలో ఏ మొక్కా అంతగా ఎదగలేదు గనుక నీడ పోరు ఉండదు. అక్కడ పోటీయే తగ్గుతుందని 1977లో ఆవరణ శాస్త్రవేత్త ఫిలిప్ గ్రైమ్ వాదించగా, అది తగ్గక వేళ్ల మధ్యకు మారుతుందని మరో ఆవరణ శాస్త్రవేత్త డేవిడ్ టిల్మన్ అన్నారు. నాకు రెండవదే సబబుగా తోస్తుంది.

ఇక వరద, దుక్కి, మేత వంటి అలజడి పెరిగినదాన్ని తుడిచిపెట్టి పోటీని మళ్లీ మొదటికి తెస్తుంది. కృష్ణా లంకల్లో వరద వేసిన ఇసుక మేటలపై రెల్లు వేళ్లూనుకోవడం అలాంటిదే. గుంటూరు వైపు ఎరువు వేసి ఏటా దున్నే చేలలో సారమూ అలజడీ రెండూ ఎక్కువే కాబట్టి, అక్కడ గెలిచేది కొద్ది వారాల్లోనే విత్తనం రాల్చే కలుపు, లేదా నాగలికి తెగినా దుంప నుంచి మళ్లీ మొలిచే తుంగ. సారం లేక, అలజడి కూడా మిక్కుటమైన చోట దాదాపు ఏదీ నిలవదు.