టెక్ సందేహాలు: మూడు సిలిండర్ల ఇంజిన్‌కి ఆ వణుకెందుకు?

ప్రశ్న: ఇన్నాళ్లూ నాలుగు సిలిండర్ల కారు నడిపాను. కొత్తగా కొన్నది మూడు సిలిండర్లది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తోంది, స్పీడ్ అందుకుంటే పోతోంది. ఇంజిన్‌లో ఏమైనా లోపమా?

జవాబు: టెన్షన్ పడకండి, ఆ ఇంజిన్ తీరే అంత. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (సిలిండర్లలో పైకీ కిందకీ ఆడే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌లో ఇంధనం ఒక్కసారే మండుతుంది. ఐడిలింగ్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లు అనుకుంటే, నాలుగు సిలిండర్లకు సెకనుకు మంట తోసే తోపులు సుమారు 27, మూడింటికి 20 మాత్రమే. తోపుకీ తోపుకీ మధ్య ఆ ఎడమే మీ చేతికి తెలుస్తున్నది.

ఇంకో సంగతి కూడా ఉంది. మూడు పిస్టన్లు 120 డిగ్రీల తేడాతో కదులుతాయి కాబట్టి పైకీ కిందకీ లాగే బలాలు మొత్తం మీద ఒకదానికొకటి చెల్లిపోతాయి. కానీ ఈ చివరి పిస్టన్, ఆ చివరి పిస్టన్ ఒకదానితో ఒకటి జతగా కదలవు. దాంతో ఇంజిన్ ఊగుడుబల్లలా ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంది. దీన్ని అణచడానికి కొందరు క్రాంక్‌షాఫ్ట్‌కు వ్యతిరేక దిశలో తిరిగే, ఒక పక్క బరువున్న ఇరుసు (బ్యాలెన్స్ షాఫ్ట్) పెడతారు. ఫోర్డ్ తన 1.0 లీటర్ ఎకోబూస్ట్‌లో అది లేకుండానే, ఫ్లైవీల్‌లోనూ (క్రాంక్ చివర ఉండే బరువైన చక్రం) ముందున్న పుల్లీలోనూ కావాలనే బరువును ఒక పక్కకు పెట్టి పని కానిచ్చింది. నాకు నచ్చిన ఉపాయం.

అలాగని నాలుగు సిలిండర్లది మచ్చలేని ఇంజిన్ అనుకోకండి. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పక్కకు వాలడం వల్ల పిస్టన్ తన దారిలో పై సగాన్ని కింది సగం కంటే వేగంగా దాటుతుంది. ఆ తేడా నాలుగింటిలోనూ ఒక్కసారే పోగుపడి, క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో అదురు పుడుతుంది. 2.5 లీటర్ల పోర్షే 944లో దీనికోసమే రెండు బ్యాలెన్స్ షాఫ్ట్‌లు ఉండేవి, అదీ మిత్సుబిషి పేటెంట్‌కు లైసెన్స్ తీసుకుని!

మీ కారులో వణుకు పరుగులోనూ ఉంటే, చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే మాత్రం స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజిన్ మౌంట్లు చూపించండి.

ప్రశ్న: ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటే మంచిదా, మూడేసి చొప్పున V ఆకారంలో ఉండే వీ6 మంచిదా?

జవాబు: నునుపుదనంలో వరుస ఆరుదే పైచేయి. మూడేసి పిస్టన్ల రెండు జట్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండటంతో ఒకదాని ఊపును రెండోది చంపేస్తుంది. చిక్కల్లా పొడవుతోనే. ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ అడ్డంగా ఇమడాలి, అక్కడ పొట్టి వీ6 గెలిచింది. 2017లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ మళ్లీ వరుస ఆరుకు వచ్చింది. 48 వోల్టుల కరెంటు పుణ్యమా అని ఏసీ కంప్రెసర్, వాటర్ పంప్ కరెంటుతోనే నడిచి, వాటికి ముందువైపు బెల్టు అక్కర్లేకపోయింది, ఆ మేరకు ఇంజిన్ కురచైంది.

ప్రశ్న: సిలిండర్లు రెండు పక్కలా ఎదురెదురుగా ఉండే బాక్సర్ ఇంజిన్‌లో పిస్టన్లు పడుకుని ఉంటాయి కదా, కిందివైపు అరిగిపోవా?

జవాబు: అరగవు. పిస్టన్ బరువు కొన్ని వందల గ్రాములే. మంట ఒత్తిడికి రాడ్ దాన్ని గోడకు అదిమే బలం అంతకు ఎన్నో రెట్లు, అది నిలువు ఇంజిన్‌లోనూ ఉంటుంది. రెండు చోట్లా కాపాడేది ఆయిల్ పొరే.