రోజూ మేకప్ తగ్గించుకోవాలంటే ఏం మానాలి? ఏం ఉంచాలి?

ప్రశ్న: నా వయసు 31. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు నాలుగేళ్లుగా రోజూ ఫౌండేషన్, కాంపాక్ట్, వాటర్‌ప్రూఫ్ మస్కారా, కాజల్, మ్యాట్ లిప్‌స్టిక్ వాడుతున్నాను. పొద్దున 40 నిమిషాలు దీనికే పోతోంది. ఏడాదిగా నుదురు, గడ్డం మీద చిన్న చిన్న పొక్కులు వస్తున్నాయి. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. అన్నీ మానేద్దామంటే పాత మొటిమల మచ్చలు కనిపిస్తాయని బెరుకు. తక్కువ మేకప్‌తోనే నీట్‌గా కనిపించే మార్గం చెప్పండి.
– ఓ పాఠకురాలు

జవాబు: ఆ పొక్కులు చర్మం రంగులోనే ఉండి, చీము లేకుండా, వేలితో తడిమితే ఇసుక రేణువుల్లా తగులుతుంటే అవి చాలావరకు మేకప్ వల్ల వచ్చే మొటిమలే. చర్మరంధ్రాల్లో నూనె, మృతకణాలు పేరుకుని లోపలే మూసుకుపోతాయి. అలా మూసుకున్న రంధ్రం పొక్కుగా పైకి తేలేసరికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఏ వస్తువు పడలేదో పోల్చుకోవడం కష్టం. పైగా పొక్కు కనపడగానే ఇంకాస్త మందంగా ఫౌండేషన్ వేస్తాం, దాంతో సమస్య పెరుగుతుంది. ఒకవేళ పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి బాగా దురద పెడుతుంటే అది ఫంగస్ వల్ల కావచ్చు. దానికి మందు వేరు కాబట్టి ముందు డాక్టర్‌కు చూపించండి.

మీరు అన్నీ మానక్కర్లేదు. ముఖమంతా పూసే ఫౌండేషన్, దాని మీద అద్దే కాంపాక్ట్... ఈ రెండూ తీసేస్తే సగం పని అయినట్టే. మచ్చ ఉన్నది నాలుగైదు చోట్ల అయితే ముఖమంతా కప్పడం ఎందుకు?

వాటి స్థానంలో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ వాడండి. దానికి రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురులోని కిరణాలను కూడా కొంత అడ్డుకుంటాయి. మచ్చలు ముదరకుండా ఉండటానికి ఇది ముఖ్యం. ఎంత రాయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి లెక్కగడతారు. పైపైన అద్దే కాంపాక్ట్‌లో ఎంత ఎస్‌పీఎఫ్ ఉన్నా ఆ మోతాదు చర్మం మీద పడదు. మాయిశ్చరైజర్ రాసిన వెంటనే సన్‌స్క్రీన్ రుద్దితే తెల్లగా ఉండలు కడుతుంది. మధ్యలో 5 నిమిషాలు ఆగండి, ఆలోగా తల దువ్వుకోవచ్చు. ఎండలో తిరిగే రోజు 2 గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

మిగిలిన మచ్చలకు కన్సీలర్. ఒక్కో మచ్చకు అగ్గిపుల్ల తల అంత చాలు. మచ్చ మీద చుక్క పెట్టి ఒక నిమిషం ఆరనివ్వండి. తర్వాత ఉంగరం వేలితో అంచులు మాత్రమే తట్టండి, మధ్యలో ముట్టుకోవద్దు. రుద్దితే మచ్చ మీది రంగంతా పక్కకు పోయి మళ్లీ వేయాల్సి వస్తుంది. షేడ్‌ను మణికట్టు మీద కాకుండా దవడ దగ్గర, పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి.

ఇక కళ్ల సంగతి. రెప్ప అంచున, వెంట్రుకల వెనుక, సన్నటి నూనె గ్రంథుల వరుస ఉంటుంది. కన్నీరు త్వరగా ఆవిరి కాకుండా కాపాడేది వాటి నూనే. కాజల్‌ను రెప్ప లోపలి అంచున గీస్తే ఆ రంధ్రాలు పూడుకుపోయే అవకాశం ఉంది. సాయంత్రానికి మండటానికి ఇది ఒక కారణం. గీతను వెంట్రుకల బయటి వైపే గీయండి. వాటర్‌ప్రూఫ్ మస్కారా బదులు గోరువెచ్చని నీళ్లకు వదిలే రకం తీసుకోండి, తెరిచిన 3 నెలలకు పారేయండి. కాంటాక్ట్ లెన్స్ వాడుతుంటే మేకప్‌కు ముందే పెట్టుకుని, తుడిచే ముందే తీసేయాలి.

చూసేవాళ్లకు నీట్‌గా అనిపించేది ఎక్కువగా కనుబొమలు, పెదాలు, జుట్టు వల్లే. కనుబొమల్లో ఖాళీ ఉన్న చోటే పెన్సిల్‌తో చిన్న గీతలు వేసి బ్రష్‌తో పైకి దువ్వండి. మ్యాట్ లిప్‌స్టిక్ పెదాలను ఎండబెడుతుంది, దాని బదులు రంగున్న బామ్ చాలు. అదే లిప్‌స్టిక్‌ను బుగ్గలకూ రాయమని కొందరు చెబుతారు. మీ చర్మానికి అది వద్దు. అందులోని మైనాలు, నూనెలు రంధ్రాలను మూసే ప్రమాదం ఉంది. జుట్టుకు రాసే సీరమ్ నుదుటికి తగలకుండా చూసుకోండి. రోజూ బిగించి కట్టే పోనీటెయిల్ వల్ల ముందు వరుసలో జుట్టు పలచబడుతుంది. దానంతట అదే ఆరి కుదురుకునే కట్ చేయించుకుంటే పొద్దున పని ఇంకా తగ్గుతుంది.

పొద్దున ఎంత తగ్గించినా రాత్రి శుభ్రం చేసుకోవడంలో మాత్రం తగ్గొద్దు. మైసెల్లార్ వాటర్‌తో (మేకప్ తుడిచే నీళ్లలాంటి క్లెన్సర్) తడిపిన దూదిని మూసిన రెప్ప మీద 20 సెకన్లు ఉంచి, కిందికి ఒక్కసారి తుడవండి. తర్వాత మైల్డ్ క్లెన్సర్‌తో ఒక నిమిషం కడగండి. జుట్టు మొదలయ్యే చోటు, ముక్కు పక్కలు, దవడ అంచు ఎక్కువగా వదిలేసేవి. స్క్రబ్ వద్దు. బ్రష్‌లు, స్పాంజ్‌లు వారానికోసారి షాంపూతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

మార్పులన్నీ ఒకేసారి చేయొద్దు. కొత్త వస్తువు ఏదైనా మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్ల చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతేనే ముఖానికి వాడండి. డబ్బా మీద ఉండే ‘నాన్ కామెడోజెనిక్’ (రంధ్రాలను మూయదు) అన్న మాట ఒక సూచన మాత్రమే, హామీ కాదు.

6 నుంచి 8 వారాల్లో పొక్కులు తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్‌ను అడిగి మొటిమలకు రాసే అడాపలీన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టవచ్చు. రాత్రి పూట, ముఖమంతటికీ బఠాణీ గింజంత, మొదట్లో వారానికి మూడు రాత్రులే. ఫలితానికి 12 వారాల దాకా పట్టొచ్చు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఇది వాడకూడదు. కంట్లో నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే మాత్రం ఈ వారాల లెక్కలు పెట్టుకోకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చర్మం డాక్టర్ దగ్గరికైతే వాడుతున్న డబ్బాలు, ట్యూబులు అన్నీ ఓ సంచిలో వేసుకుని వెళ్లండి, లేబుళ్లు చూస్తే కారణం పట్టుకోవడం తేలిక.