టెక్ సందేహాలు: నేనెక్కడున్నానో వాళ్లకెలా తెలుస్తోంది?

ప్రశ్న: ఆర్కే బీచ్‌కి వెళ్లినా, రుషికొండ వెళ్లినా మా క్లాసువాళ్లకు వెంటనే తెలిసిపోతోంది. నేను ఎవరికీ లొకేషన్ పంపలేదు. ఫోన్ హ్యాక్ అయిందా?
– డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

హ్యాకింగ్ దాకా వెళ్లక్కర్లేదు. ఫోన్లో స్నాప్‌చాట్ ఉంటే ముందు దాన్నే అనుమానించండి. స్నాప్ మ్యాప్‌లో లొకేషన్ షేరింగ్‌కి ఎప్పుడో ఒకసారి సరేనని ఉంటే చాలు, మీరు యాప్ తెరిచినప్పుడల్లా ఫ్రెండ్స్ మ్యాపులో మీ బొమ్మ జరుగుతూ ఉంటుంది.

ప్రొఫైల్‌లోకి వెళ్లి గేర్ గుర్తు నొక్కండి. 'సీ మై లొకేషన్'లో, మిమ్మల్ని మ్యాపులో కనబడకుండా చేసే 'ఘోస్ట్ మోడ్' ఆన్ చేస్తే ఎంతసేపని అడుగుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. 3 గంటలో, 24 గంటలో ఎంచుకుంటే గడువు తీరగానే మళ్లీ కనబడతారు. 'అన్‌టిల్ టర్న్‌డ్ ఆఫ్' ఎంచుకోండి. అయినా మీరు మ్యాపులో అందరికీ పెట్టిన స్నాప్‌లు మాత్రం దాగవు. ఫోన్ సెట్టింగ్స్‌లో స్నాప్‌చాట్‌కి లొకేషన్ పర్మిషన్ కూడా తీసేస్తే ఇంకా నయం.

గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి 'లొకేషన్ షేరింగ్' చూడండి. ఎప్పుడో ఆటో ఎక్కినప్పుడు ఫ్రెండ్‌కి పంపినది ఆపేదాకా అన్న ఆప్షన్‌తో ఇప్పటికీ నడుస్తూ ఉండొచ్చు. ఫొటోల సంగతీ ఉంది. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫైల్లోనే నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఫొటోతోపాటే వెళ్తుంది.

ప్రశ్న: మావాడు ఇంటర్ ఫస్టియర్. రాత్రి ఒంటిగంట దాకా ఫోనే. వాడికి తెలియకుండా వాట్సాప్ మెసేజ్‌లు చూసే యాప్ చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

చెప్పను. అలాంటివి ఎక్కువగా ప్లే స్టోర్ బయట ఏపీకే ఫైళ్లుగా (నేరుగా ఫోన్లో వేసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) దొరుకుతాయి. వేయాలంటే హానికర యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆపాలి, యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వాలి. ఆ పర్మిషన్ ఉన్న యాప్ స్క్రీన్ మీద కనబడేదంతా చదవగలదు. మీ అబ్బాయి ఫొటోలు, మాటలు ముందు చేరేది ఎవరిదో తెలియని సర్వర్‌కి, ఆ తర్వాతే మీకు. తల్లిదండ్రుల కోసమని అమ్మిన ఫ్యామిలీ ఆర్బిట్ అనే యాప్ నుంచి 2018లో 281 జీబీ ఫొటోలు, వీడియోలు బయటపడ్డాయి. కొడుకుని కాపాడబోయి ఊరందరికీ చూపించినట్టవుతుంది.

మీ అసలు బాధ రాత్రి ఒంటిగంట కదా? దానికి పిల్లల ఫోన్‌ని పెద్దలు నియంత్రించే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ చాలు. ఫోన్ లాకయ్యే వేళ పెట్టొచ్చు, కొత్త యాప్‌లకు మీ అనుమతి అడిగేలా చేయొచ్చు. మెసేజ్‌లు చూపించదు, ఫోన్ మీ పర్యవేక్షణలో ఉందని వాడికీ తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో తల్లిదండ్రుల కోసం ఉన్న సూపర్‌విజన్‌లో గత 7 రోజుల్లో ఎవరితో చాట్ చేశాడో కనబడుతుంది, ఏం రాశాడో కనబడదు.

ఒక మెలిక ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 18 లోపువారికి వచ్చే టీన్ అకౌంట్, దాంతోపాటు అపరిచితుల మెసేజ్‌లకు అడ్డుకట్ట, ముఖ్యంగా అకౌంట్‌లో ఇచ్చిన పుట్టినతేదీని బట్టి నడుస్తాయి. చాలామంది పిల్లలు 2000 అనో 2001 అనో కొట్టేస్తారు. అకౌంట్స్ సెంటర్‌లో 'పర్సనల్ డీటెయిల్స్' తెరిచి, ఇద్దరూ కలిసి చూసుకోండి.

ప్రశ్న: కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు, ఆధార్ ప్రింట్ల కోసం నెట్ సెంటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, లాగౌట్ మర్చిపోయాను.
– ద్వారకానగర్

ఫోన్లో వాట్సాప్ మూడు చుక్కలు, 'లింక్‌డ్ డివైజెస్', ఆ కంప్యూటర్ పేరు, 'లాగౌట్'. దాంతో చాట్ తెగుతుంది కానీ డౌన్‌లోడ్ చేసిన ఆధార్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. వీలైతే వెళ్లి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయండి. పాస్‌వర్డ్ ఉందిగా అనుకోకండి: ఈ-ఆధార్ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే మీ టెన్త్ మెమో ఉంటే అవి రెండూ దాని మీదే ఉంటాయి.