పాత బల్లకు మెక్సికో రంగులు వేసి, దాని మీదే బ్రెడ్ పిండి పిసకవచ్చా?

మీ ప్రశ్న చూడగానే నవ్వు వచ్చింది. నాలుగేళ్ల క్రితం నేను సరిగ్గా ఈ పనే చేసి అరకిలో పిండి చెత్తబుట్ట పాలు చేశాను. పాత సామాన్ల దుకాణంలో చవకగా చెక్క బల్ల దొరికింది, దానికి మెక్సికో ఇళ్లలో కనిపించే రంగులు వేయాలి, వంటగదిలో పెట్టుకుని దాని మీదే బొలీయో అనే మెక్సికో బ్రెడ్‌కు పిండి కలపాలి, ఇదే కదా మీరు అడిగింది? రెండూ కుదురుతాయి. అయితే రంగు కాళ్లకు, సొరుగుకు మాత్రమే వేయండి. పైపలకను ఉత్త చెక్కగానే వదిలేయండి.

మేము ఉండేది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో. ఈ ఊళ్లో మెక్సికో మూలాలున్న కుటుంబాలు చాలా ఎక్కువ. మా వీధి చివరి బేకరీలో తెల్లవారేసరికి బొలీయోలు వేడివేడిగా దిగుతాయి. ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో పటకారు పట్టుకుని కావలసినవి ఎవరికి వారే ఏరుకోవాలి. ఆ వాసన మరిగాకే ఇంట్లో చేద్దామన్న పిచ్చి నాకూ పట్టింది.

నా మొదటి బల్ల పైన్ చెక్కది. మెక్సికోలోని ప్వెబ్లా రాష్ట్రంలో తెల్ల పూత మీద నీలం పూలు వేసి చేసే తలవేరా పింగాణీని చూసిన ఉత్సాహంలో బల్ల మొత్తానికి తెల్ల రంగు పూసి, పైపలక నిండా నీలం పూలు వేశాను. మూడో రోజు చేత్తో తాకి, ఆరిపోయిందనుకుని పిండి పిసికాను. పది నిమిషాలకు ముద్దలో నీలం నలుసులు కనిపించాయి, నువ్వుగింజలో సగం ఉంటాయి. పిండి సంచీ కాగితం చిరిగి పడిందేమో అనుకుని ఏరడం మొదలుపెట్టాను. పిసికినకొద్దీ కొత్తవి వస్తూనే ఉన్నాయి. నీళ్లలో కలిసే రంగు గంటలో ఆరినట్టే కనిపిస్తుంది గానీ, లోపలిదాకా గట్టిపడాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది. గట్టిపడినా సరే, రోజూ రేకుతో పిండి గీకే చోట ఏ రంగూ నిలవదు.

ప్వెబ్లా నుంచి వచ్చి స్థిరపడిన పక్కింటి పెద్దావిడ ఆ బల్ల చూసి, "మీహో, పళ్లెం మీద వేయాల్సిన పూలు బల్ల మీద వేశావేమిటి?" అంది. మీహో అంటే మనం 'నాయనా' అన్నట్టు. వాళ్ల అమ్మ వాడిన బల్లకు కాళ్లు మాత్రమే నీలమట, పైపలకను రోజూ తోమితోమి తెల్లబడిపోయిందట. నేను రంగంతా గీకేసింది ఆ మాట విన్నాకే.

మీరు పని మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది నల్లులకు. సొరుగు బయటకు లాగి, మూలల్లో, మేకుల చుట్టూ, బల్ల కింది సందుల్లో టార్చి వేసి చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపిస్తే ఆ బల్లను ఇంట్లోకి తేవద్దు. రెండోది సీసం (లెడ్) అనే విషపు లోహానికి. అమెరికాలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన బల్ల అయితే అందులో సీసం ఉండవచ్చు. పొడిగా సాండ్ పేపర్‌తో రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి, పిల్లల చేతుల మీదుగా నోట్లోకి వెళుతుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో పరీక్ష పుల్లలు దొరుకుతాయి. రంగు పొరలన్నిటికీ తగిలేలా చిన్న గాటు పెట్టి అక్కడ రుద్దండి. సీసం ఉందని తేలితే ఆ బల్ల మీద తిండి పని పెట్టుకోవద్దు. చెక్కిన కాళ్లున్న ఒక అందమైన బెంచీని నేను అలాగే వదులుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సీసం లేదని తేలాక పని ఆరుబయటో గ్యారేజీలోనో పెట్టుకోండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. పైపలకను 80 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 120, ఆ తరువాత 220తో, చెక్క పోగు ఎటు సాగితే అటే రుద్దండి. చివర తడి గుడ్డతో తుడిస్తే పోగులు లేచి గరుకుగా తగులుతాయి. ఆరాక 220తో ఇంకొక్కసారి రుద్దితే పలక నున్నబడుతుంది. ఆ పైన మందుల దుకాణంలో దొరికే, తినే వస్తువులకు పనికొచ్చే మినరల్ ఆయిల్ పట్టించాలి. మొదటి వారం రోజుకొకసారి, తరువాత నెలకొకసారి చాలు. ఇంట్లో ఉంది కదా అని నువ్వుల నూనో వేరుశనగ నూనో పూయకండి. కొన్నాళ్లకు మక్కిపోయి కంపు కొడుతుంది.

ఇక కాళ్లు, సొరుగు. పైన్ చెక్కలో గోధుమరంగు ముడులు ఉంటాయి. వాటిలోని జిగురు ఎన్ని పూతలు వేసినా పసుపు మరకలై పైకి తేలుతుంది. నా తెల్ల బల్ల కాళ్ల మీద రెండు వారాలకే టీ ఒలికినట్టు మచ్చలు వచ్చాయి. దీనికి మందు షెల్లాక్ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. పాత చెక్కకు పట్టిన సిగరెట్ వాసనను కూడా అది లోపలే బంధించేస్తుంది. ఈ షెల్లాక్ మరేమిటో కాదు, మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చే లక్కే. ఆ సంగతి తెలిసినప్పుడు టెక్సాస్ గ్యారేజీలో డబ్బా పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. అందులో స్పిరిట్ ఉంటుంది కాబట్టి పొయ్యి, ఓవెన్ దరిదాపుల్లో మూత తీయవద్దు. ప్రైమర్ వేసే రోజు బ్రెడ్ చేసే రోజు కాకూడదు.

మెక్సికో అనగానే ఏడు రంగులూ ఒకే బల్ల మీద కుమ్మరించడం నాలాంటి కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. మెక్సికో నగరంలో కొయొఅకాన్ పేటలోని చిత్రకారిణి ఫ్రీదా కాలో ఇంటి ఫొటోలు చూడండి. గోడలన్నీ ఒకే ముదురు నీలం, కిటికీల చుట్టూ కొద్దిగా ఎరుపు, ఆకుపచ్చ. నిండు రంగు ఒకటి ఎంచుకుని, దానికి తోడు ఒక్క చిన్న రంగు పెట్టుకుంటే చాలు. స్పానిష్‌లో నీలిమందును అన్యీల్ అంటారు. ఆ మాట మూలం వెతుక్కుంటూ పోతే అరబ్బీ మీదుగా మన 'నీల' దగ్గరికే చేరుతుంది. నేను కాళ్లకు ఆ నీలం, సొరుగుకు రోసా మెహికానో అనే ముదురు గులాబీ రంగు వేశాను. గులాబీ కింద ముందుగా ఆవపసుపు పూత వేసి, అది ఆరాక సొరుగు అంచుల మీద కొవ్వొత్తి రుద్ది, ఆ పైన గులాబీ వేశాను. అదీ ఆరాక అంచులను సన్న సాండ్ పేపర్‌తో తడిమితే మైనం ఉన్నచోట గులాబీ ఊడి, పసుపు తొంగిచూసింది. గెర్రేరో రాష్ట్రంలోని ఒలినాలా ఊరి పనివాళ్లు చెక్కపెట్టెల మీద ఒక రంగుపై ఇంకో రంగు పూసి, పై పొరను గీకి బొమ్మలు తేలుస్తారు. వాళ్ల పనితనం ముందు నా కొవ్వొత్తి కిటుకు పిల్లల ఆటే అనుకోండి.

తలవేరా పలకలు పైన అతికించవచ్చా అనీ అడిగారు. పిండి పిసికే చోట వద్దు. పలకల మధ్య సందుల్లో పిండి ఇరుక్కుంటుంది. పైగా సంప్రదాయ పద్ధతిలో చేసిన మెక్సికో పింగాణీ మెరుపు పూతలో సీసం ఉండే అవకాశం ఉంది. మోజు తీరాలంటే బల్ల వెనక గోడకు ఒక వరుస అతికించండి, లేదా సొరుగుకు తలవేరా పిడి బిగించండి. మార్కెట్‌లో తలవేరా పేరుతో దొరికే చవక పలకల్లో చాలా మటుకు గ్వానహ్వాతో రాష్ట్రంలోని దొలోరెస్ హిదాల్గోలో తయారైనవి. చూడముచ్చటగానే ఉంటాయి. ప్వెబ్లా, త్లస్కాలా రాష్ట్రాల అసలు తలవేరా పనితనాన్ని స్పెయిన్ పింగాణీతో కలిపి యునెస్కో 2019లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. దాని ధర వేరు.

బల్ల సిద్ధమైతే ఇక బొలీయో. పైన పెళుసుగా, లోపల దూదిలా ఉండే కోలగా ఉన్న బ్రెడ్ ఇది. ముందు రాత్రి 150 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఈస్ట్ కలిపి మూత పెట్టండి. తెల్లారేసరికి బుడగలతో దోసెపిండిలా పొంగి ఉంటుంది. అందులో 350 గ్రాముల మైదా, 170 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఈస్ట్, రెండు చెంచాల చక్కెర, 20 గ్రాముల వెన్న వేసి బల్ల మీద పది నిమిషాలు పిసకండి. మొదట చేతికి అంటుకుని విసిగిస్తుంది. చపాతీ పిండి అలవాటుతో నేను పొడి పిండి చల్లుతూ పోయేవాడిని, బ్రెడ్ రాయిలా వచ్చేది. చల్లకండి, పిసుకుతూ ఉంటే ఆరేడు నిమిషాలకు తనంతట తానే దారికి వస్తుంది. రెట్టింపు పొంగేదాకా వదిలేయండి. పుస్తకాలు గంటన్నర అంటాయి, ఇక్కడి జూలై ఎండలకు మా వంటగదిలో నలభై నిమిషాలకే పొంగింది. గడియారాన్ని కాదు, ముద్దను చూడాలి.

ఎనిమిది ఉండలు చేసి పావుగంట ఆగి, ఒక్కోదాన్ని అదిమి, చాప చుట్టినట్టు చుట్టి, రెండు కొసలూ సన్నబడేలా అరచేతులతో దొర్లించండి. ముప్పావు గంట తరువాత పదునైన బ్లేడుతో నిలువునా ఒకే ఒక్క గాటు పెట్టండి. భయపడి పైపైన గీస్తే విచ్చుకోదు, అర అంగుళం లోతు ఉండాలి. 230 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో కింది అరలో వేడినీళ్ల పళ్లెం ఉంచి ఇరవై నిమిషాలు కాల్చండి. ఆ ఆవిరి లేకపోతే పైపొర తొందరగా బిగుసుకుపోయి గాటు తెరుచుకోదు.

కొంచాలు అనే తీపి బ్రెడ్‌లను తరువాత ప్రయత్నించండి. తీపి బ్రెడ్ మీద మైదా, చక్కెర పొడి, వెన్న సమపాళ్లలో కలిపిన ముద్దను పలచగా ఒత్తి అంటించి, గీతలు పెడతారు. కొంచా అంటే ఆల్చిప్ప. మన గవ్వల మీది గీతలు గుర్తొచ్చి మా అమ్మ ఫోనులో ఫొటో చూసి, "ఇంత పెద్ద గవ్వలా!" అంది. మీరు శాకాహారులైతే ఒక్కమాట, బేకరీల్లో కొంచాలకు, కొన్నిచోట్ల బొలీయోలకు కూడా పంది కొవ్వు వాడతారు. మాంతేకా అంటే అదే. కొనే ముందు అడగండి.

ముందైతే ఆ పరీక్ష పుల్ల తెచ్చి, ఏమి తేలిందో ఇక్కడ రాయండి. బల్ల ఫొటో కూడా పెడితే ఏ చెక్కో చూసి, ప్రైమర్ అవసరమో కాదో చెబుతాను.