పాత పెట్రోల్ బంకు స్థలంలో పైమట్టి తీసేస్తే కాలుష్యం పోతుందా?

సాధారణంగా పోదు, ట్యాంకు లీకై కిందికి దిగిన ఇంధనం అక్కడే ఉంటుంది. పెట్రోల్ నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ అనే రసాయనం మాత్రం కొంత నీళ్లలో కరిగి పక్క బోర్ల వైపు సాగుతుంది. ఇది క్యాన్సర్ కారకం, అసలు టెన్షన్ దీనితోనే. అందుకే ట్యాంకును, తడిసిన మట్టిని తవ్వితీశాక, తేలే ఇంధనాన్ని తోడి, మట్టిలోని ఆవిరిని పంపులతో లాగుతారు. డీజిల్ అంత సులువుగా ఆవిరవదు. అందుకని మట్టిలోకి గాలి పంపి దాన్ని బాక్టీరియా చేత తినిపిస్తారు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టే పని.

లీకు ఎంత త్వరగా కిందికి దిగుతుందనేది నేలను బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరపు ఇసుకలో లీకు త్వరగా నీటిని చేరుతుంది. ఒంగోలు వైపు నల్లరేగడిలో నెమ్మదిగా దిగుతుంది, అదీ ఎండాకాలం నెర్రెలు లేకపోతేనే.

వాసన రాకపోతే నేల శుభ్రమైనట్టే అని చాలామంది అనుకుంటారు. ముక్కుకు తెలియనంత బెంజీన్ కూడా తాగునీటిలో హానికరమే. ల్యాబ్‌లో మట్టి, నీళ్లు రెండూ పరీక్షించాలి.