స్క్రాప్‌బుక్ మొదలుపెట్టే ముందు

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు, శుభలేఖ, మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు, తిరుపతి బస్సు టికెట్లు అన్నీ ఒకే డబ్బాలో పడి ఉన్నాయి. స్క్రాప్‌బుక్ చేయాలని ఉంది. ఏమేం కొనాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఏమీ కొనకండి. డబ్బాలోంచి పుట్టినరోజు ఫొటోలు పది, పన్నెండు ఏరండి. అయిదారు పేజీలకు అవి చాలు. చెయ్యి తిరిగేదాకా పెళ్లి ఫొటోల జోలికి వెళ్లొద్దు. మళ్లీ ప్రింటు తీయించుకోగలిగిన వాటి మీదే నేర్చుకోవాలి.

పేజీలకు 200 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉన్న మందపాటి ఏ4 కాగితం తీసుకోండి. 4×6 ఫొటోలు రెండు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి పెట్టినా రాసుకోవడానికి చోటు మిగులుతుంది. ప్యాకెట్ మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఉండాలి. ఆ ఒక్క మాట కోసం నాలుగు దుకాణాలు తిరిగినా ఫరవాలేదు. ఆమ్లం ఉన్న కాగితం తాను పచ్చబడి, దాని మీదున్న ఫొటోనూ పాడుచేస్తుంది. కుట్టిన పుస్తకం కన్నా రింగుల ఫైలు నయం: పేజీలు ఉబ్బినా మూతపడుతుంది.

మిషన్‌లోంచి వచ్చే బస్సు టికెట్ల మీద ఉన్నది సిరా కాదు, వేడికి నల్లబడే పూత. కొన్నాళ్లకు అక్షరాలు మాయమవుతాయి. ఈ వారమే జిరాక్స్ తీయించి, ఆ కాపీనే అతికించండి. శుభలేఖ మూలల్లోని పసుపు ఎదుటి పేజీకి అంటుకుంటుంది కాబట్టి మధ్యలో బటర్ పేపర్ వేయండి.

ప్రశ్న: ఫెవికాల్‌తో అతికిస్తే పేజీ అంతా ముడతలు పడుతోంది. ఎందుకు?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అందులోని నీటికి కాగితం ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ముడుచుకుంటుంది. డబుల్ సైడ్ టేపు వాడితే ఈ బాధ ఉండదు. అది కూడా యాసిడ్ ఫ్రీదే కావాలి. మామూలు సెలో టేపు మాత్రం వద్దు, దాని జిగురు పచ్చబడి కాగితంలోకి దిగిపోతుంది.

ఒక్కటే కాపీ ఉన్న ఫొటోకు అసలు జిగురే తగలకూడదు. మూల పాకెట్లు చేసుకోండి. రెండు అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు కాగితం ముక్క తీసుకుని, పై మూలలు రెండిటినీ కింది అంచు మధ్యకు మడవండి. త్రికోణం వస్తుంది. మడిచిన రెక్కల వైపు పేజీకి అతికించి, ఫొటో మూలను లోపలికి దూర్చండి. నాలుగు మూలలూ ఇలాగే. ఎప్పుడు కావాలన్నా ఫొటో బయటికి తీయొచ్చు.

ప్రశ్న: పాత జిగురు ఆల్బమ్‌లో ఫొటోలు అంటుకుపోయాయి. ఎలా తీయాలి?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: తీసే ముందే ప్రతి పేజీని స్కాన్ చేయండి, చిరిగితే మిగిలేది అదే. తర్వాత పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. ఫొటోను వంచొద్దు, పై పొర పగులుతుంది. పట్టు వదలకపోతే అక్కడితో ఆపేసి, స్కాన్ నుంచి ప్రింటు తీయించుకోండి.

ఫొటో వెనక పేర్లు, ఊరు, సంవత్సరం 2బి పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ను ఒత్తిడి ముందువైపు గీతగా తేలుతుంది. ఎవరెవరో గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఆ పని ఇవాళే వాళ్ల పక్కన కూర్చుని చేయండి.