ముందు కలుగులు లెక్కపెట్టు

అల్లుడూ,

నాట్లేసి నెల దాటింది, పిలకలు తెగి పడుతున్నాయి, ఏ పురుగుమందు కొట్టమంటావు అని అడిగావు. పురుగు కాదురా. తెగిన పిలక చేతిలోకి తీసుకుని చూడు, కొడవలితో ఏటవాలుగా కోసినట్టుంటే ఎలుక పనే. అది తినేది కొంచెం, కొరికేది బోలెడు. దాని ముందు పళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోక తప్పదు. ఉడుత, ముళ్ళపంది కూడా ఆ జాతే. ఇంట్లో కంపు కొట్టే చుంచు మాత్రం కాదు. అది పురుగుల్ని తింటుంది, దాని జోలికి పోకు.

మన గట్లలో ఉండేది ఎక్కువగా చిన్న పందికొక్కు. (ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ మన పందికొక్కే, తెలుసా?) కలుగు బయట మట్టి కుప్పగా తోస్తుంది. కోతలప్పుడు ఒక కలుగు తవ్వితే లోపల ఒక గదినిండా వెన్నులు పేర్చి ఉన్నాయి, నేనైనా అంత పొందిగ్గా కుప్ప వెయ్యలేను. కడుపుతో మూడు వారాలుంటే చాలు, ఈతకి ఆరేడు పిల్లలు. ఆ పిల్లలు మూడు నెలలకల్లా మళ్ళీ ఈతకొస్తాయి.

ఒక దాళ్వాలో, అదే రెండో పంటలో, నేను తొందరపడి, ముందు ఉత్త నూకలు అలవాటు చెయ్యకుండానే జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపి పెట్టేశాను. రెండు చచ్చాయి. కొంచెం రుచి చూసి బతికినవి మళ్ళీ ఆ ఎరని ముట్టలేదు. ఆ పంటకి గట్టు వెంబడి నాకు మిగిలింది గడ్డే.

అందుకే నువ్వు బ్రోమాడయోలోన్ వాడు, అది నెమ్మదిగా చంపే ఎలుకల మందు. ఇవాళ సాయంత్రం గట్లమీద కలుగులన్నీ మట్టితో మూసెయ్యి. పొద్దున్నే ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుక ఉన్నట్టు. కిలో ఎరకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. చేతులకి తొడుగులేసుకుని కర్రతో కలుపు, వంటగిన్నె వద్దు. కాగితంలో 10–15 గ్రాములు పొట్లం కట్టి కలుగు లోపలికి తొయ్యి, పైన వదిలితే కోళ్ళు తింటాయి. వెంటనే చావవు, నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే మిగతా వాటికి అనుమానం రాదు. చచ్చినవి ఏరి పాతిపెట్టు, లేకపోతే గుడ్లగూబలు తిని చస్తాయి. జెర్రిపోతు కనిపిస్తే కర్ర ఎత్తకు, అది మనవైపే.

పొట్ట దశ, అంటే వెన్ను కాడ లోపలే ఉండి ఉబ్బే దశ, రాకముందే కానియ్యి, గింజ పాలు పోసుకున్నాక నూకల వంక చూడవు. నీ ఒక్కడి చేనులో పెట్టి లాభం లేదు, పక్క గట్లవాళ్ళని కూడా అదే రోజు పెట్టమను. మీ నాన్నకి పడకపోయినా నువ్వెళ్ళి అడుగు.

కాలికి పుండుంటే చేలో నీళ్ళలో దిగకు, ఎలుక జ్వరం అక్కడినుంచే వస్తుంది.

శనివారం వస్తున్నా. ఈలోగా ఎన్ని కలుగులు తెరుచుకున్నాయో లెక్క రాసి ఉంచు.

మీ మావయ్య